ఆట మీట ఎటు పోయింది?



మద్రాసులో బస్సు దిగే చోటు మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళకు రెండుసార్లు మారింది. ఒకప్పుడు ప్యారిస్ దగ్గర బ్రాడ్‌వేలో దిగేవాళ్ళం. 2002 నవంబరులో కోయంబేడు స్టాండు వచ్చింది. 2018 అక్టోబరులో నెల్లూరు, తిరుపతి వైపు పోయే బస్సుల కోసం మాధవరం స్టాండు తెరిచారు. ప్రతిసారీ కొత్త స్టాండు పాతదానికన్నా విశాలంగానే ఉంది. అయినా మొదటి కొన్ని నెలలు జనం గొణుక్కున్నారు. ఎందుకంటారు? కాళ్ళకు తెలిసిన దారి ఒక్క రోజులో పనికిరాకుండా పోయింది కాబట్టి. తమిళ బోర్డు చదవగలిగిన వాడు నాలుగు రోజుల్లో సర్దుకున్నాడు. చదువు రాక, "ఫలానా స్తంభం పక్కన మూడో బస్సు" అని గుర్తు పెట్టుకున్న ముసలమ్మ మాత్రం సంచీ పట్టుకుని దిక్కులు చూసింది.

ఈ సంగతి కాస్త మనసులో ఉంచుకోండి. నేను ఇవాళ చెప్పబోయేది కంప్యూటరులో పిల్లలు ఆడే ఆటల గురించి. "ఆటలకు కూడా ఒక ప్రసంగమా!" అని పెద్దలు రేడియో కట్టేయకండి. నేను ఆటల మంచిచెడ్డల జోలికి పోవడం లేదు. ఆట మొదలయ్యే ముందు వచ్చే తెర ఒకటుంది. దాన్ని లాంచర్ అంటారు. మనం ఆటల వాకిలి అందాం. ఆ వాకిలిని అడక్కుండా మార్చేస్తే లోపల ఉన్న మనిషికి ఏమవుతుందన్నదే నా విషయం.

మా చిన్నతనంలో ఈ వాకిలి లేదు. డాస్ రోజుల్లో నల్లటి తెర మీద ఆట పేరు టైపు చేసి ఎంటర్ కొడితే ఆట వచ్చేది. విండోస్ వచ్చాక చిన్న బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే వచ్చేది. ఆడేవాడికీ ఆటకీ నడుమ మూడో మనిషి లేడు.

ఆ మూడో మనిషి 2003 సెప్టెంబరులో వచ్చాడు. అమెరికాలో వాల్వ్ అనే ఆటల కంపెనీ స్టీమ్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. తమ ఆటలకు సవరణలు అందించడం దాని తొలి పని. మరుసటి సంవత్సరం, 2004 నవంబరులో, హాఫ్-లైఫ్ 2 అనే ఆట వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. అంగట్లో డిస్కు కొని ఇంటికి తెచ్చుకున్న వాడు కూడా స్టీమ్‌లో ఖాతా తెరిచి, ఇంటర్నెట్ ద్వారా అనుమతి తీసుకున్నాకే ఆడాలన్నారు. జనం తాకిడికి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. డబ్బిచ్చి కొన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని అనుమతి కోసం ఎదురుచూశారు చాలామంది. ఆ తరువాత ఇతర కంపెనీల ఆటలు కూడా అందులోనే అమ్మడం మొదలైంది. 2015 చివర మన రూపాయలలో ధరలు వచ్చాయి. నేడు కంప్యూటరు ఆటలు కొనేవాళ్ళకు అంతకన్నా పెద్ద అంగడి లేదనే చెప్పాలి.

అంగడి అన్నాను, గమనించారా? ఇక్కడే చిక్కు. ఒకప్పుడు రేషన్ కార్డు ఏ కొట్టుకు రాసి ఉంటే ఆ కొట్టుకే పోవలసి వచ్చేది. కొట్టు వాడు వరుస ఎటు నిలబెడితే అటు నిలబడాలి. ఈ వాకిలి కూడా అలాంటిదే. ఒక ఖాతాలో పది ఆటలు కొన్నవాడు, తెర నచ్చలేదని ఇంకో కంపెనీకి పోదామంటే ఆ పది ఆటలూ వెంట రావు. అందువల్ల ఇక్కడ "నచ్చకపోతే మానెయ్యి" అనే మాట అంత న్యాయమైన మాట కాదు.

2019 అక్టోబరు 30న స్టీమ్ తన గ్రంథాలయం తెరను, అంటే మనం కొన్న ఆటల జాబితా ఉండే తెరను, పూర్తిగా మార్చింది. అంతకు ముందు నెల సెప్టెంబరులో ఇష్టపడ్డవాళ్ళకు పరీక్షగా ఇచ్చి చూశారు. నిజం చెప్పాలంటే ఆ కొత్త తెరలో మంచి చాలా ఉంది. ఆటలను మనకు నచ్చిన గుంపులుగా విడదీసి పెట్టుకోవచ్చు. వందల ఆటలున్నవాడు కావలసినదాన్ని వెతుక్కునే వీలు పెరిగింది. కానీ తెర తెరవగానే పైభాగాన "కొత్త విశేషాలు" అంటూ వెడల్పాటి పట్టీ ఒకటి పెట్టారు. మనం కొన్న ఆటలు దాని కిందికి జరిగాయి. ఆ పట్టీని పూర్తిగా తీసేసే మీట మొదట్లో ఇవ్వలేదు. కొన్న బట్టలున్న మన బీరువా తలుపుకే ఎవరో రోజూ కరపత్రం అంటించి పోతుంటే ఎలా ఉంటుంది? వాడేవాళ్ళు అదే అన్నారు. పైగా కొత్త తెర లోపల ఒక ఇంటర్నెట్ బ్రౌజరే నడుస్తుంది. పాత కంప్యూటర్ల మీద అది బరువుగా నడిచింది. తక్కువ శక్తి గల యంత్రాలకూ, తక్కువ వేగం గల ఇంటర్నెట్‌కూ సరిపడేలా తేలిక రూపాలు సెట్టింగులలో పెట్టారు. పాత రోజుల నాటి చిన్న జాబితా రూపాన్నీ ఉంచారు. అయితే అవి ఉన్నాయని తెలిస్తే కదా!

కంపెనీ వాళ్ళ వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ యంత్రాన్ని తెచ్చింది. కంప్యూటరుకు ఒక తెర, టీవీకి ఒక తెర, చేతి యంత్రానికి ఒక తెర విడివిడిగా నడపడం ఎవరికైనా కష్టమే. అందుకని 2023 జూన్‌లో మళ్ళీ కంప్యూటరు తెరను మార్చి, అన్నిటికీ ఒకే పునాది వేశారు. ఇది అర్థం చేసుకోదగిన కారణమే. కానీ ఆ పునాదిలోని బ్రౌజరు పాత విండోస్ మీద పనిచేయదు. అందువల్ల 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, విండోస్ 8 ఉన్న కంప్యూటర్లకు స్టీమ్ మద్దతు ఆపేసింది. తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్ పథకం తొలి యంత్రాలు విండోస్ 7 కాలం నాటివే. వాటిని తుడిచి, గుడ్డ కప్పి, ఈనాటికీ వాడుకునే ఇళ్ళు నాకు తెలుసు. ఆట పాతదే, యంత్రం పాతదే, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. నడుమనున్న వాకిలి ఒక్కటే కొత్తది.

ఇప్పుడు మా తరగతి గదికి వద్దాం. మా దగ్గర చదివే పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 2006 చట్టం తరువాత బడిలోనూ తమిళం తప్పనిసరి అయింది. కంప్యూటరు తెర మీద మాత్రం ఇంగ్లీషు. స్టీమ్ తెర ఇరవైకి పైగా భాషలలో వస్తుంది, అందులో తెలుగూ లేదు, తమిళమూ లేదు. ఏడో తరగతి కుర్రాడొకడు ఒక సోమవారం ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "సార్, నా ఆట పోయింది" అన్నాడు. వాళ్ళ మామయ్య కొనిచ్చిన బంతాట అది. ఏ కంపెనీదో పేరు ఇక్కడ అనవసరం. విచారిస్తే ఆట ఎక్కడికీ పోలేదు. రాత్రికి రాత్రి వాకిలి తెర మారింది. ఎడమ పక్క నిలువుగా ఉన్న జాబితా కిందికి దిగి అడ్డంగా పరుచుకుంది. రోజూ నొక్కే చోట కొత్త ఆట కొనమనే మీట వచ్చి కూర్చుంది. వీడి వేలు అలవాటు చొప్పున అక్కడే నొక్కింది. డబ్బు కట్టే పేజీ వచ్చింది. మామయ్య బ్యాంకు కార్డు నెంబరు అందులో ముందే ఉంది. తల్లి చూసి హడలిపోయి కంప్యూటరు కట్టేసి, "ఏం నొక్కి చచ్చావురా!" అని రెండు తగిలించింది.

వాడు చేసిన తప్పేమిటో మీరే చెప్పండి. నిన్న సరైన చోటే ఈరోజు తప్పు చోటు అయింది.

నేను వాడికి సుద్దముక్క ఇచ్చి, పాత తెర ఎలా ఉండేదో బోర్డు మీద గీయమన్నాను. ఆశ్చర్యం వేసింది. ఏ మూల ఏ బొమ్మ, ఏ మీట ఏ రంగు, ఏది ఎంత వెడల్పు, అంతా గీసేశాడు. ఆ మీటల మీద ఏమి రాసి ఉండేదిరా అంటే మాత్రం రెండిటిని చదవలేకపోయాడు. చదవకుండానే ఏడాదిపాటు తడబడకుండా వాడాడు. బస్సు స్టాండులోని ముసలమ్మకు స్తంభం ఎలాగో, వీడికి ఆ రంగూ ఆ మూలా అలాగ.

తెర మార్చినప్పుడు నష్టం అందరికీ సమానంగా రాదని నేను అనేది ఇందుకే. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాడికి అది పది నిమిషాల విసుగు. చోటును బట్టి, రంగును బట్టి నడిచేవాడికి అది మళ్ళీ ఓనమాలు. కరెంటు పోయిన రాత్రి మా అవ్వ పోపుల పెట్టెలో ఆవాలు తడుముకోకుండా తీసేది. ఆ తెలివి కళ్ళది కాదు, చేతిది. చేతికి అలాంటి తెలివి రావడానికి నెలలు పడుతుంది. అది వాడేవాడు తన కష్టంతో సంపాదించుకున్నది. దాన్ని మార్చేవాళ్ళ లెక్కల పుస్తకంలో దానికి ఖాతా లేదు.

ఆటలు ఆడని పెద్దలకు ఇంకో ఉదాహరణ చెబుతాను. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు సాలిటేర్ అనే ఒంటరి పేకాట గుర్తుండే ఉంటుంది. 1990లో విండోస్ 3.0తో వచ్చింది. మౌసు పట్టుకుని లాగడం ఎంతమంది గుమాస్తాలకు అది నేర్పిందో! 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చినప్పుడు దాన్ని తీసేసి, కావాలంటే అంగడి తెర నుంచి దించుకోమన్నారు. 2015లో విండోస్ 10తో తిరిగి వచ్చింది గానీ ప్రకటనలతో వచ్చింది. ప్రకటనలు వద్దంటే చందా కట్టాలి. పేకముక్కలు అవే, ఆట అదే!

అదే విండోస్ 8లో ఎడమ మూల ఉండే స్టార్ట్ మీటను కూడా తీసేశారు. గోల మామూలుగా జరగలేదు. ఏడాది తిరక్కుండా, 2013 అక్టోబరులో 8.1తో మీట తిరిగి వచ్చింది. 2015 జూలైలో పాత తరహా మెనూ కూడా వచ్చింది. "రెండు వారాలు సణుగుతారు, తరువాత అలవాటు పడతారు" అని తెర గీసేవాళ్ళు అంటుంటారు. నిజమే, చాలాసార్లు అలవాటు పడతాం. అలవాటు పడటం వేరు, ఒప్పుకోవడం వేరు. సణిగినందుకే ఆ మీట తిరిగి వచ్చింది.

మార్పే వద్దనడం నా ఉద్దేశం కాదు. మార్చే పద్ధతి ఒకటుంది. అది ఈ చెన్నైలోనే జరిగింది. 1999 ఫిబ్రవరిలో ఇక్కడ తమిళ్‌నెట్ 99 అనే సదస్సు జరిగింది. కంప్యూటరులో తమిళం టైపు చేయడానికి ఒక్కొక్కరిది ఒక్కో అక్షరాల వరుసగా ఉన్న రోజులవి. అచ్చులు ఒక చేతికి, హల్లులు ఒక చేతికి వచ్చేలా కొత్త వరుస కుదిర్చి, దానికి తమిళ్99 అని పేరు పెట్టారు. ఆ సంవత్సరమే తమిళనాడు ప్రభుత్వం దాన్ని ప్రామాణికం చేసింది. నేర్చుకోవడానికి సులువైన వరుస. అయినా పాత టైపురైటరు వరుస మీద చేయి తిరిగినవాళ్ళను నట్టేట్లో వదలలేదు. ఈనాటికీ తమిళం టైపు చేసే సాఫ్ట్‌వేరులలో రెండు వరుసలూ ఉంటాయి. కావలసింది ఎంచుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాడు కొత్తదానితో మొదలుపెడతాడు, టైపిస్టుగా జీవితం గడిపినవాడు పాతదానితోనే ముగిస్తాడు. ఆటల కంపెనీలు కోట్ల రూపాయలతో చేయలేని పనేమీ కాదిది.

సరే, అవి చేసేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లల కంప్యూటరులో స్టీమ్ ఉంటే, గ్రంథాలయం తెరలో ఆట పేరు మీద మౌసు కుడి మీట నొక్కండి. మేనేజ్ అన్న చోట, డెస్క్‌టాప్ మీద గుర్తు పెట్టమనే వీలుంటుంది. ఆ గుర్తు నొక్కితే అంగడి తెరలో తిరగకుండా ఆట మొదలవుతుంది. సెట్టింగులలో ఇంటర్‌ఫేస్ అనే విభాగానికి పోతే, స్టీమ్ తెరవగానే ఏ పేజీ రావాలో మీరే చెప్పవచ్చు. అక్కడ స్టోర్ అని ఉంటే లైబ్రరీ అని మార్చండి. కొత్త ఆటల ప్రకటనలు పెట్టెలా పైకి లేవకుండా ఆపే గడి కూడా ఆ విభాగంలోనే ఉంది. వ్యూ అన్న మెనూలో స్మాల్ మోడ్ అని ఉంటుంది. పాత కంప్యూటరుకు అదే హాయి. అన్నిటికన్నా ముందు, పెద్దవాళ్ళ బ్యాంకు కార్డు నెంబరు పిల్లలు ఆడే ఖాతాలో ఉంటే తీసేయండి. ఇక తెర మారిన రోజున పిల్లవాడిని కేకలేసే ముందు ఒక కాగితం ఇచ్చి, నిన్న ఏది ఎక్కడ ఉండేదో గీయమనండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ కాగితం చూస్తూ, కొత్త తెర మీద ఒక్కొక్క మాటా చదివి తెలుగులో పక్కన రాసుకోండి. మా కుర్రాడి కాగితంలో అలా పదకొండు ఇంగ్లీషు మాటలు చేరాయి. ఇన్‌స్టాల్ అంటే ఏమిటో ఇప్పుడు వాడే వాళ్ళమ్మకు చెబుతున్నాడు.