చక్రాల పలక – పొరల చెక్క బలం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కిన హక్కని తేల్చింది. కరువుభత్యం గురించి, వైద్య బిల్లుల గురించి నా తరువాతి వక్తలు నాకంటె బాగా చెప్పగలరు. పింఛనుతో పాటు మనకు దక్కిన రెండవ ఆస్తి తీరిక. ఆ తీరికతో చేయదగిన ఒక పనిని గురించి పావుగంటసేపు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. పిల్లలు పైన నిలబడి దొర్లుకుంటూ పోయే చక్రాల పలక ఉన్నది గదా, స్కేట్‌బోర్డు అంటారు, అందులో పొడవు రకాన్ని లాంగ్‌బోర్డు అంటారు. దాని పలకను పలుచని చెక్క పొరలు అతికించి ఇంటి దగ్గరే తయారు చేయడం నా విషయం.

ఇది మనకు పూర్తిగా కొత్త వస్తువేమీ కాదు. మన చిన్నతనంలో లారీ మెకానిక్కులు పారవేసిన పాత బేరింగులు ఏరుకొచ్చి, పలకకు బిగించి, మిట్ట మీది నుండి జారేవాళ్లం. బేరింగుబండి అనేవాళ్లం. ఆ చప్పుడుకు వీధిలో పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన సముద్రపు అలల మీద పలకలతో తేలే కుర్రవాళ్లు 1950ల ప్రాంతంలో ఇదే పని చేశారు. స్కేటింగు బూట్ల చక్రాలు ఊడదీసి చెక్కకు కొట్టుకున్నారు. 1970ల మొదట్లో ఇనుప, మట్టి చక్రాల స్థానంలో పాలీయురెథేన్ అనే మెత్తని ప్లాస్టిక్కు చక్రాలు రావడంతో ఆట స్వరూపమే మారిపోయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో స్కేట్‌బోర్డింగును తొలిసారిగా చేర్చారు.

పట్నం పిల్లల ఆట అనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లెటూరు ఉన్నది. అక్కడ 2015లో పిల్లల కోసం సిమెంటు మైదానం కట్టారు. ఆ ఊరి అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీలకు మన దేశం తరఫున వెళ్లింది. చక్రాల బూట్ల ఆటలోనైతే మన హైదరాబాదు కుర్రవాడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు.

ఇక నేను దీనిలోకి ఎందుకు దిగవలసి వచ్చిందో మనవి చేస్తాను. మా కైరుప్పలలో ఒక వేసవి సెలవులలో మా వీధి పిల్లవాడు ప్యాకింగు పెట్టె పలకకు చక్రాలు మేకులతో కొట్టుకుని సిమెంటు రోడ్డు మీద దిగాడు. పలక నడుమ కణుపు ఉన్నది. సరిగ్గా అక్కడే విరిగింది. పిల్లవాడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు. అదే నెలలో బెంగుళూరు నుండి వచ్చిన మా మనుమరాలు, "తాతా, నాకు లాంగ్‌బోర్డు కొనియ్యవా?" అని అడిగింది. ధర విచారిస్తే వేలల్లో చెప్పారు. కాదంటే ఈ పిల్ల కూడా ఏదో పలక వెతుక్కుంటుంది. అందుచేత, విరగని పలక ఎట్లా చేస్తారో తెలుసుకోవాలనుకున్నాను.

మిత్రులారా, చెక్కకు బలం దాని నారలో ఉన్నది. నార పొడవునా చెక్క గట్టిది. నారకు అడ్డంగా చీలిపోతుంది. వంటచెరకు చీల్చిన ప్రతివారికీ ఇది తెలుసు. పలకలో కణుపు ఉంటే నార అక్కడ పక్కకు తిరుగుతుంది. ఒకే చెక్క అయితే ఆ లోపం పలక మందం అంతటా ఉంటుంది. అదే మందాన్ని పలుచని పొరలుగా పేర్చితే ఒక పొరలోని లోపం పక్క పొరకు రాదు. కొన్ని పొరలను అడ్డంగా వేస్తే చీలికకు దారి దొరకదు. ఎమ్మిగనూరు చుట్టుపక్కల వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. పడుగు, పేక రెండూ ఉంటేనే గుడ్డ. పొరల చెక్క కూడా అంతే. అయితే చక్రాల పలకలో బరువంతా పొడవు మీద పడుతుంది కాబట్టి పడుగు ఎక్కువ, పేక తక్కువ ఉండాలి. విదేశాలలో సాధారణంగా మేపుల్ అనే గట్టి చెక్కతో ఏడు పొరలు వేస్తారు. వెదురు బద్దలతోనూ చేస్తారు.

రెండవ సూత్రం మన గుమాస్తాలకు ఇంకా సులువుగా బోధపడుతుంది. ఒక దస్త్రాన్ని చేత పట్టుకొని వంచండి, వంగుతుంది. ఎందుకంటే కాగితాలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. అవే కాగితాలను మైదా జిగురుతో అతికించి ఆరబెడితే అట్ట అవుతుంది, వంగదు. చెక్కకు లెక్క కూడా ఉన్నది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. 4 మి.మీ. షీట్లు మూడు విడిగా పేర్చి వంచడం కంటె, అతికించిన 12 మి.మీ. పలకను వంచడం తొమ్మిది రెట్లు కష్టం. కాబట్టి జిగురు తడిగా ఉండగా పొరలను సులువుగా వంచి, ఆరేదాకా అట్లాగే బంధించి ఉంచితే, ఆ వంపు పలకకు స్థిరపడిపోతుంది. మొత్తం కిటుకు ఇదే.

మేము చేసిన పద్ధతి చెబుతాను. 4 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డు తీసుకున్నాము. దీనికి ఐ.ఎస్. 710 గుర్తు ఉంటుంది. కొనేటప్పుడు అంచు చూడాలి. పొరల మధ్య సందులు కనపడితే తీసుకోరాదు. చిన్న ముక్క అడిగి తెచ్చి గంటసేపు నీళ్లలో ఉడకబెడితే మంచి రకం విడిపోదు. పోప్లార్ చెక్క పొరలు తేలికగా ఉంటాయి కాని మెత్తన, ఈ పనికి గట్టిచెక్క పొరలు మేలు.

పలక పొడవు 1 మీటరు, వెడల్పు 23 సెం.మీ. అనుకున్నాము. షీట్లను పొడవులో 6 సెం.మీ., వెడల్పులో 4 సెం.మీ. ఎక్కువగా కోశాము, తరువాత చెక్కుకోవడానికి. పైకి కనపడే నార మూడింటిలోనూ పొడవునే ఉండాలి. అడ్డపొర ప్లైవుడ్డు లోపల ఎలాగూ ఉంటుంది.

అచ్చుకు మందమైన పాత తలుపు చెక్క చాలు. నడుమ 2 సెం.మీ. ఎత్తు బద్ద, దానికి అటూ ఇటూ క్రమంగా తగ్గే బద్దలు కొట్టాలి. అప్పుడు పలక నడుమ కొంచెం పైకి ఉబ్బుతుంది. మనిషి నిలబడితే ఆ ఉబ్బు ఇంచుమించు చదునవుతుంది. విప్పిన తరువాత చెక్క కొద్దిగా వెనక్కు లేస్తుంది. మాకు 2 సెం.మీ. వంపు 1.7 దగ్గర నిలిచింది.

జిగురు మనం వాడుకగా ఫెవికాల్ అనే తెల్ల జిగురులో నీటిని తట్టుకొనే రకం. అతికే ప్రతి ముఖానికీ పలుచగా, ఎక్కడా ఖాళీ లేకుండా పూయాలి. మన ప్రాంతపు ఎండలకు జిగురు పది నిమిషాలలో పైన పొర కడుతుంది. కాబట్టి తెల్లవారుజామున, నీడలో, అన్నీ దగ్గర పెట్టుకొని చేయాలి. ఇద్దరు మనుషులు కావాలి. పేర్చిన పొరలను అచ్చు మీద పెట్టి, నడుమ నుండి చివరలకు క్లాంపులు బిగించుకుంటూ రావాలి. క్లాంపులు చాలకపోతే పంక్చరు దుకాణంలో లారీ ట్యూబు తెచ్చి, రెండంగుళాల పట్టీలుగా కోసి, లాగి లాగి చుట్టవచ్చు. అంచుల వెంట సన్నని జిగురు పూసలు వరుసగా బయటికి వస్తే ఒత్తిడి సరిపోయిందని గుర్తు. ఆదోని ప్రెస్సింగు ఫ్యాక్టరీలలో పత్తి బేళ్లు ఒత్తడం చూసిన వారికి ఒత్తిడి విలువ తెలుసు.

తరువాత 24 గంటలు ముట్టుకోరాదు. మా మనుమరాలు గంటకొకసారి వచ్చి, "అయిపోయిందా తాతా?" అని అడిగేది. "రేపు ఈ వేళకమ్మా" అని చెప్పడం తప్ప చేయగలిగింది లేదు. ఉద్యోగంలో ఉన్నవారికి ఈ ఒక్కరోజు ఆగడమే కష్టం. మనకు కాదు.

ఆకారానికి పాత దినపత్రికను పొడవునా మడిచి సగం బొమ్మ గీసి కత్తిరిస్తే రెండు వైపులా సమానంగా వస్తుంది. రంపంతో కోసి, ఆకురాయితో, తరువాత గరుకు కాగితంతో అంచులు గుండ్రం చేయాలి. ఇరుసులను ట్రక్కులు అంటారు. అవీ చక్రాలూ మాత్రం కొనక తప్పదు, ఇంటిలో చేయరాదు. బేరింగు 608 నంబరుది, లోపల 8 మి.మీ., బయట 22 మి.మీ. ట్రక్కుకు నాలుగు రంధ్రాలు ఉంటాయి. వాటి కొలతలు రెండు రకాలు కాబట్టి, కొన్న ట్రక్కునే పలక మీద పెట్టి గుర్తులు పెట్టుకోవాలి. పలక నడిమి గీతకు ట్రక్కు వంకరగా కూర్చుంటే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. చివరగా వార్నిషు మూడు పూతలు. అంచులకు, రంధ్రాల లోపలికి కూడా పూయాలి, నీరు దూరేది అక్కడి నుండే. పైన కాలు జారకుండా గరుకు పట్టీ అతికించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. పిల్లలను ఎక్కించే ముందు, చక్రాలు వచ్చే చోట్ల కింద రెండు ఇటుకలు పెట్టి, వాటి మధ్య 70 సెం.మీ. దూరం ఉంచి, నడుమ బియ్యం మూటలు ఒక్కొక్కటిగా పేర్చాము. మూడు మూటలు, 75 కిలోలు. మా మనుమరాలి బరువు 42 కిలోలు. పలక సుమారు 2 సెం.మీ. దిగింది. రాత్రంతా ఉంచి పొద్దున మూటలు తీస్తే మళ్లీ యథాస్థానానికి వచ్చింది. పగులు చప్పుడు లేదు, అంచులో సందు లేదు. సందు ఒక్కటి కనపడినా ఆ పలకను పొయ్యిలో పెట్టవలసిందే. బరువైన మనిషికైతే నాలుగు షీట్లు వేయాలి. అప్పుడు బిగువు రెండింతలు దాటుతుంది.

ఈ పనిలో నా పాలు కొలతలు, లెక్కలు మాత్రమే. చేయి మా ఊరి ఆచారిది. ఆయనకు నా వయసే. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు ఎద్దుల బండ్లు చేసి ఇచ్చిన మనిషి. బండిచక్రం సంగతి మీకు తెలుసు. దాని అంచును ఒకే చెక్కతో ఎవరూ చేయరు. పూటీలు విడివిడిగా, నార వంపు వెంట నడిచేటట్లు కోసి, ఆకులకు ఎక్కించి, పైన ఇనుప కమ్మి కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగిస్తారు. ఆ కమ్మి కాల్చడానికి పిడకలే వాడేవారు. ఉగాది మరునాడు పిడకల సమరం చేసే ఊరివాళ్లం గనుక పిడక మంట సంగతి మాకు బాగా తెలుసు. టైరుబండ్లు, ట్రాక్టర్లు వచ్చాక ఆయనకు బండి పని లేకుండా పోయింది. కొడుకు ఆదోనిలో రెడీమేడు తలుపులు బిగించే పని చేస్తున్నాడు. బాడిస, చిత్రిక అటక మీద ఉన్నాయి.

పొరల పలక గీసి చూపితే ఆయన కాసేపు చూసి, "చెక్కను వంచేది తొందర పని గాదు సారూ, అదును చూసుకోవల్ల" అన్నాడు. పొరలను అచ్చు మీద పెట్టినప్పుడు ఎక్కడ ఎంత బిగించాలో ఆయన వేళ్లకు తెలిసినంత నా స్కేలుకు తెలియలేదు. పలక పూర్తయిన రోజు అంచును చేత్తో రెండుసార్లు నిమిరాడు. కూలీ ఇవ్వబోతే మొదట తీసుకోలేదు. ఇది పని, పనికి కూలీ ఉండాలని చెప్పి చేతిలో పెట్టాను. తరువాత వారం మణికట్టు విరిగిన పిల్లవాడి తండ్రి వచ్చి రెండవ పలక చేయమని ఆయననే అడిగాడు. ఆ పిల్లవాడు పక్కన కూర్చొని గరుకు కాగితం పట్టాడు.

మనుమరాలికి మా ఇంట్లో పెట్టిన షరతులు కూడా చెప్పాలి. తలకు హెల్మెటు, మోచేతులకు మోకాళ్లకు పట్టీలు లేకుండా ఎక్కరాదు. వాహనాలు తిరిగే రోడ్డు మీదికి పోరాదు. వానలో తడపరాదు. వారానికొకసారి బోల్టులు బిగించి, అంచు చూసుకోవాలి. మనవంటి వారు మాత్రం సరదాకు కూడా కాలు పెట్టవద్దు. మన ఎముకలకు పొరలు వేసే ఆచారి ఇంకా పుట్టలేదు!

చివరగా సంఘానికి ఒక విజ్ఞప్తి. ప్లైవుడ్డు, జిగురు ఎవరికి వారు కొనుక్కోగలరు. క్లాంపులు మాత్రం ఒక్క పనికి ఎనిమిదైనా కావాలి, ఒక్కరు కొంటే దండగ. సంఘం నిధి నుండి ఒక జత కొని కార్యాలయంలో ఉంచి, రిజిస్టరులో సంతకం తీసుకొని సభ్యులకు ఇవ్వవచ్చు. వేసవి సెలవులలో వారం రోజులు మన మనుమలు, మనుమరాళ్లతో పాటు ఊరి పిల్లలనూ పిలిచి, ఆచారి వంటి పెద్ద పనివారికి కూలీ ఇచ్చి కూర్చోబెడితే, పిల్లలకు విరగని పలక వస్తుంది, ఆ చేతిపని తెలిసినవారు మరి నలుగురు మిగులుతారు. పలకే చేయాలని లేదు. ఇదే పద్ధతిలో వంపు కుర్చీ వీపు, పీట, చేతికర్ర పిడి చేసుకోవచ్చు. రిజిస్టరు రాసే బాధ్యత నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. ముప్పైయేళ్లు చేసిన పని అదే గదా.