బిల్లు నల్లాను లెక్కబెడుతుంది, మనుషుల్ని లెక్కబెట్టదు
(బస్తీ మీటింగులో మాట్లాడిన మాటల పాఠం)



మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ వెంట మన జనం నడిచింది 1927 మార్చి 20న. ఆ చెరువు మీద కేసు ఏళ్లకేళ్లు నడిచింది. 1937లో గానీ బొంబాయి హైకోర్టు మన పక్షాన తేల్చలేదు. అప్పుడు నీళ్లకు అడ్డం నిలబడ్డది కులం. ఇవాళ పట్నంలో కులం పేరెత్తకుండానే బిల్లు అడ్డం పడుతోంది. అందుకే నీళ్ల రేటు ఎట్లా కడతారో మనం నేర్చుకోవాలి.

పట్నంలో రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు చౌక, లేదంటే ఉచితం. వాడకం పెరిగిన కొద్దీ రేటు పెరుగుతుంది. ఉన్నోడు తోటకు పోస్తాడు, కారు కడుగుతాడు, ఎక్కువ కట్టాలి. లేనోడు తాగడానికి, వండుకోవడానికి వాడుతాడు, తక్కువ కట్టాలి. ఇంతవరకు న్యాయమే. మెలిక ఎక్కడంటే, ఆ మెట్లు నల్లా చొప్పున లెక్కగడతారు.

హైదరాబాదునే చూద్దాం. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. బస్తీలకు మీటరు తప్పనిసరి కాదన్నారు, మిగతా ఇండ్లకు ఉండాలన్నారు. అపార్టుమెంట్లలో ఫ్లాటుకు 20 వేలు లెక్కగట్టారు. మంచిదే, మేం కాదనం. కానీ కాగితం, పెన్సిలు తీసుకోండి. 20 వేలను 30 రోజులకు పంచితే రోజుకు 667 లీటర్లు. ఇంట్లో అయిదుగురుంటే మనిషికి 133. మురుగు పైపులున్న పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని కేంద్రం పెట్టిన ప్రమాణం. దాదాపు సరిపోయింది.

ఇక బస్తీ లిస్టుకెక్కని వాడలో ఒక ఇల్లు అనుకోండి. ఒకటే నల్లా, అయిదు కిరాయి గదులు, 25 మంది. అదే 667 లీటర్లు పంచితే మనిషికి 27 కూడా రావు. అందరూ 135 చొప్పున వాడితే నెలకు లక్ష దాటుతుంది, పై మెట్టు రేటు పడుతుంది. ఓనరు ఆ బిల్లును గదుల మీద వేస్తాడు. బంగళాలో ఇద్దరే ఉంటే మనిషికి రోజుకు 333 లీటర్లు ఉచితం. బంగళా తోట కోసం పెట్టిన రేటు కూలోడి కుండ మీద పడుతుంది!

ఇది మన ఒక్కరి గోస కాదు. దక్షిణాఫ్రికా వాళ్లు నీళ్ల హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2001లో ఇంటికి నెలకు 6 వేల లీటర్లు ఉచితమన్నారు. ఇంటికి 8 మంది, మనిషికి రోజుకు 25 లీటర్లని లెక్క. జొహానెస్‌బర్గ్‌లో సొవెటోలోని ఫిరి వాడలో ముందు డబ్బు కడితేనే నీళ్లు వదిలే మీటర్లు బిగించారు. పెరట్లో గుడిసెలున్న ఇండ్లలో ఉచిత నీళ్లు నెల నిండకముందే అయిపోయేవి, మీటరు మూసుకునేది. జనం కోర్టుకెక్కారు. 2008లో హైకోర్టు మనిషికి రోజుకు 50 లీటర్లు ఇమ్మంది. 2009లో రాజ్యాంగ కోర్టు ఆ అంకెను ఒప్పుకోలేదు. అయితే కొట్లాట సాగుతుండగానే నగరం పేద ఇండ్లకు ఉచిత నీళ్లు పెంచక తప్పలేదు. మనకు పాఠం ఇదే: రాజ్యాంగంలో మాట ఉంటే సరిపోదు, రేటు పట్టీలో అంకె ఉండాలి. ఆ అంకెను కొట్లాడే తెచ్చుకోవాలి.

ఊళ్ల వాళ్లు ‘పట్నం బిల్లు మాకెందుకు’ అనుకోవద్దు. ఆ నల్లాల్లో పారేది సింగూరు మంజీర, నాగార్జునసాగర్ కృష్ణ, ఎల్లంపల్లి గోదావరి. ఆ కిరాయి గదుల్లో ఉన్నది పని కోసం పోయిన మన పిల్లలు.

మరి మనం అడగాల్సిందేమిటి?

ఒకటి: ఉచిత నీళ్లు గదిలో ఉన్న కుటుంబానికి లెక్కగట్టాలి. ఫ్లాటుకు కట్టగలిగినోళ్లు గదికెందుకు కట్టలేరు?

రెండు: కొత్త కనెక్షన్ ఖర్చు పేదలకు వాయిదాల మీద పెట్టాలి. నల్లాయే లేనోడికి ఉచిత రేటు ఏం చేసుకోను? వాడు ట్యాంకరు దగ్గర కొనుక్కుంటున్నాడు.

మూడు: పంపులకు కరెంటు కావాలి, పైపులకు మరమ్మతు కావాలి. ఆ ఖర్చు తోటలు, ఈతకొలనులు ఉన్నోళ్ల దగ్గర వసూలు చేయాలి.

నాలుగు: బాకీ పడ్డ ఇంటికైనా తాగే నీళ్లు బంద్ పెట్టొద్దు.

వచ్చే సంచిక లోపల మీ వాడలో నల్లా నల్లాకు తిరగండి. ఎన్ని గదులు, ఎందరు మనుషులు, బిల్లెంత, ఎవరు కడుతున్నారు, రాసుకు రండి. ఆ కాగితాలు పట్టుకునే ఆఫీసుకు పోదాం.

జై భీమ్!