పొలమును విడువని ఆతిథ్యము



మాదాపురమున 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ పొలములు మేడలగుటను మనమందఱమును చూచితిమి. అమ్మినవారిని నిందింపను, నేనును రెండెకరములు విక్రయించినవాడనే. ఆ సొమ్మెటు పోయినదో నేటికిని లెక్క తేలలేదు.

చేవెళ్ల, శంకరపల్లి దిక్కున మనకు మిగిలిన చల్క నేలలను గూర్చియే నా మనవి. వారమెల్ల కంప్యూటరు నెదుట గూర్చుండు ఉద్యోగులు ఆదివారమున చెట్టునీడకై వెదకుచున్నారు. వారికి మామిడి కోతయు, పాలు పిదుకుటయు నేర్పి, జొన్నరొట్టె పెట్టి రుసుము గైకొనుట తప్పుగాదు. మహారాష్ట్రమున బారామతి చెంత రైతులు ఇట్టి వ్యవసాయ పర్యాటకమును చాల ఏండ్లుగా నడపుచున్నారు.

అయితే నీటి లెక్క ముందు చూడవలెను. ఇచ్చట సాలీనా వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు లోపుననే కురియును. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు ఈ దిక్కు వాగులే ఆధారము. వాని రక్షణకే 1996లో 111వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడినది. కావున ఈతకొలనుకంటె ముందు ఇంకుడుగుంత త్రవ్వుడు. పంట తీసివేసి గదులు కట్టినచో అది తోట గాదు, సత్రము.

ముగ్గురు యువకులు తమ భూములు కలిపి ముందునకు వచ్చినయెడల, మొదటియేడు నా ట్రాక్టరును, బోరునీటిని ఉచితముగ నిచ్చెదను. పేర్లు ఈ సాయంకాలమే కార్యదర్శిగారికి తెలుపగోరెదను.