చేతికి డబ్బిచ్చే బడి

సొంత వ్యాపారం కోసం బిజినెస్ స్కూలు వెతికేవారు ముందు ర్యాంకు చూస్తారు. నన్నడిగితే, అక్కడ విద్యార్థితో నిజంగా వ్యాపారం చేయిస్తారా అన్నదే చూడాలి. అమెరికాలో 1919లో పుట్టిన బాబ్సన్ కాలేజీలో, డిగ్రీ మొదటి ఏడాదిలోనే జట్లకు అప్పిచ్చి వ్యాపారం పెట్టించే కోర్సుకు పేరుంది. సరుకు తేవాలి, ధర నిర్ణయించాలి, అమ్మాలి, చివర్లో మూసేసి అప్పు తీర్చాలి. లాభం సేవాసంస్థలకు పోతుంది. అమ్ముడుపోని సరుకు నేర్పే పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

బిల్ గేట్స్ చదువు మానేసే కంపెనీ పెట్టలేదా అంటారు. నిజమే, కానీ హార్వర్డ్‌కు వెళ్లకముందే, స్కూలు రోజుల నుంచే ఆయన ప్రోగ్రామింగ్ సాధన చేశారు. అసలు బరువైన అభ్యంతరం ఫీజుది. చదువు అప్పుకు నెలనెలా కిస్తీ కట్టాల్సినవారు ఉద్యోగం వైపే మొగ్గుతారు. అందుకే చేరకముందే, పాత బ్యాచ్‌లలో ఎందరు సొంత కంపెనీ నడుపుతున్నారో, వాళ్లు అప్పు ఎలా తీర్చారో ఆ పూర్వ విద్యార్థులనే అడగండి.