ధ్రువపు మంచు – భీమునిపట్నపు ఇసుక



ధర్మపురి విద్యార్థికి సముద్రం దేశపటంలోని నీలిరంగు. ఆ రంగుకూ నేలకూ నడుమ గల గీత శాశ్వతమని భావించడం సహజమే. కాని సుమారు 20,000 సంవత్సరాల క్రితం ఆ గీత అక్కడ లేదు. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాలపై కిలోమీటర్ల మందాన మంచు పేరుకొన్నది. అంత నీటినీ కోల్పోయిన సముద్రం నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. భారతదేశానికీ శ్రీలంకకూ నడుమ నేలదారి ఉండేది. హొగెనక్కల్ వద్ద దుమికే కావేరి నేటి పూంపుహార్‌ను దాటి, మరింత తూర్పున కడలిలో కలిసేది.

ఆ మంచు చేసిన పని నార్వేలో స్పష్టంగా కానవస్తుంది. హిమానీనదాలు తొలిచిన లోయల్లోకి, అవి కరిగి వెనుదిరిగిన పిదప, సముద్రం చొచ్చుకొనిరాగా ఏర్పడినవే ఫియర్డులు. సోగ్నె ఫియర్డ్ పొడవు 200 కిలోమీటర్లకు పైమాటే. లోతు సుమారు 1,300 మీటర్లు. ఆ ప్రాంతంలో మరొక వింత కలదు. మంచు బరువు తొలగిన నేల, మూట దించిన దూదిపరుపువలె, నేటికీ మెల్లగా లేస్తున్నది. పొరుగున ఉన్న స్వీడన్‌లో ఉష్ణమాన శాస్త్రజ్ఞుడు సెల్సియస్ 1731లో తీరపు బండపై నీటిమట్టం వద్ద గీత చెక్కించాడు. నీరు తగ్గుతున్నదని ఆయన తలచాడు. లేస్తున్నది నేల అని తరువాతివారు గ్రహించారు. ఒక పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొనే 75 ఏండ్లలో, ఉత్తర స్వీడన్ తీరం అరమీటరుకు పైగా లేస్తుంది!

తెలుగు తీరం అట్టి మంచును మోయలేదు. ఇక్కడి సాక్ష్యం విశాఖపట్నం, భీమునిపట్నాల నడుమ గల ఎర్రమట్టి దిబ్బలు. వాటిని సినిమా పాటల్లో చూచినవారే ఎక్కువ. సముద్రం వెనుకకు జరిగిన కాలంలో బయల్పడిన ఇసుకను గాలి మోసి తెచ్చి పేర్చింది. ఇనుపతుప్పు రేణువులను ఎర్రబరచింది. వాననీరు గండ్లు కోసింది. తమిళనాట తూత్తుకుడి ప్రాంతపు తేరి ఇసుకలు వీటికి తోబుట్టువులు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినను 2024లో అక్కడ యంత్రాలతో నేలను చదును చేయడం వివాదమైంది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

దిబ్బ చెదిరితే పోయేది అందమొక్కటే కాదు. ఇసుకరేణువు వెలుతురు చూడక ఎన్నేండ్లు పూడి ఉన్నదో కొలిచి, దిబ్బ వయస్సు నిర్ణయిస్తారు. చుట్టూ ఉన్న మట్టిలోని సహజ రేడియోధార్మికత వలన రేణువులో ఏటేటా కొంత శక్తి పోగవుతుంది. ఎండ తగిలిన క్షణాలలో అది చెరిగిపోతుంది. పారకు లేచి బయటపడిన రేణువుకు లెక్క మరల సున్న నుండి మొదలవుతుంది.