ఒక్కొక్కరికి ఒక తోడు
(సంఘ సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేసవిలో మన భవనమునందు వికలాంగులైన పిల్లలకు, పెద్దలకు మూడు దినముల శిబిరము జరుపవలెనను సూచన కార్యవర్గము ముందున్నది. "దుకాణములు నడపుకొను మనకు ఇది సాధ్యమగు పనియా?" యని మిత్రులు కొందరడిగిరి. అమెరికాలోను, కెనడాలోను ఈ పనికి పూనుకొన్న మెన్నోనైటులు మూలమున రైతులు. వారి పద్ధతిని గూర్చి చదివి, విచారించి తెలిసికొన్నది మీకు మనవి చేసెదను.

ఆ పేరు పాలమూరు, నల్లగొండ వారికి క్రొత్త కాదు. పదునారవ శతాబ్దమున హాలండు దేశీయుడైన మెన్నో సైమన్స్ పేర వెలసిన క్రైస్తవ శాఖ యిది. రష్యా నుండి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అను నాతడు 1890 ప్రాంతమున నల్లగొండలో పనిచేసెను. 1899 నుండి అమెరికా వారును నిజాం రాజ్యమునకు వచ్చిరి. జడ్చర్ల ఆసుపత్రి వారు నెలకొల్పినదే.

ఆయుధము పట్టరాదనునది వీరి నియమము. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు, సైన్యమున చేరమన్న యువకులకు అమెరికా ప్రభుత్వము బదులు సేవ నియమించెను. 1941 నుండి 1947 వరకు ఇట్లు పనిచేసిన సుమారు 12,000 మందిలో 4,000 మందికి పైగా మెన్నోనైటులే. మొత్తము మీద 3,000 మంది వరకు మానసిక వైద్యశాలలకు, బుద్ధిమాంద్యము గలవారి ఆలయములకు పరిచారకులుగా పంపబడిరి. నూరుమందికి పైగా రోగులున్న గదిని ఒకరిద్దరు కనిపెట్టవలసి వచ్చెడిది. రోగులను కట్టివేయుటయు, కొట్టుటయు అరుదు కాదు. నిన్నటి వరకు నాగలి పట్టిన కుఱ్ఱవాండ్రు ఇది చూచిరి. కొట్టకుండ, కేకలు వేయకుండ మనిషిని శాంతపరచుట యెట్లో కొందరు నేర్చుకొనిరి. చూచినదానిని వ్రాసి దాచినవారును కలరు. ఆ వ్రాతల ఆధారముతో 1946లో లైఫ్ పత్రిక ఆ ఆలయముల దుస్థితిని చిత్రములతో బయటపెట్టెను.

యుద్ధానంతరము మెన్నోనైటు సంఘములు స్వయముగా మానసిక వైద్యాలయములు కట్టిరి: 1949లో మేరీలాండున బ్రూక్ లేన్, 1951లో కాలిఫోర్నియాలో కింగ్స్ వ్యూ, 1954లో కాన్సాసులో ప్రెయిరీ వ్యూ. అదే కాలమున వారి వేసవి శిబిరములును పుట్టినవి. పెన్సిల్వేనియాలో లారల్‌విల్ 1943లోను, కెనడాలోని మానిటోబాలో అసినిబోయా 1949లోను, మిషిగనులో ఫ్రీడెన్స్‌వాల్డ్ 1950లోను వెలసినవి. ఇట్టి శిబిరములు కొన్నింట రానురాను వికలాంగులకు ప్రత్యేకముగా వారములు కేటాయించిరి.

ఆ వారము నడచు తీరు వినుడు. పని నెలల ముందే, ఒక కాగితముతో మొదలగును. పేరు, వయస్సు, రోగము మాత్రమే వ్రాసిన చాలదు. ఏమి తినును, ఎట్లు మెత్తపరచి పెట్టవలెను, దేనికి భయపడును, మూర్ఛ వచ్చునా, వచ్చిన ఎంతసేపుండును, దొడ్డికి పోవలసి వచ్చినపుడు ఏ మాటతో, ఏ సైగతో చెప్పును — ఇవన్నియు తల్లిదండ్రులు వ్రాసి యీయవలెను. వచ్చిన దినమున మందులన్నియు దుకాణమువారిచ్చిన డబ్బాలలోనే నర్సుకు అప్పగింతురు. ఆమె ఒక్కొక్క మాత్రకు పద్దు వ్రాయును. మన రోకడ పుస్తకము కంటె అది కచ్చితము!

ఇక తోడు. ఎక్కువ సాయము కావలసినవారికి ఒక్కొక్కరికి ఒక్కరు. తక్కినవారికి ఇద్దరు ముగ్గురికి ఒకరు. వీరు చాలవరకు కళాశాల విద్యార్థులు. ముందుగా కొన్ని దినములు శిక్షణ పొందుదురు: చక్రాల కుర్చీ నుండి మంచము మీదికి నడుము పట్టకుండ ఎట్లు దింపవలెను, మూర్ఛ వచ్చినపుడు నోట ఏమియు పెట్టక ప్రక్కకు ఎట్లు త్రిప్పవలెను, అని. ఒక పెద్ద, ఒక పిల్ల, మూసిన తలుపు — ఈ మూడు ఒకచోట ఉండరాదనునది మరియొక కట్టుబాటు. ఇది మనవారికి మొగమాటముగా తోచవచ్చును. తోచినను సరే, ఇది తప్పక పాటింపవలసినదే.

పగలు ఈత, పడవ, చేతిపని. రాత్రి నెగడు చుట్టును పాటలు. ఈతకు దిగినవారిని జతలు జతలుగా కూర్చి, కొంతసేపటికొకసారి ఈల వేసి లెక్కింతురు. మెన్నోనైటులు పాటకు ప్రసిద్ధులు. మాట రానివారును పాటలో గొంతు కలుపుదురు.

పెద్దల వారము వేరు. నలువదియేండ్ల మనిషిని అక్కడ పసిపాపవలె చూడరు. కాఫీ కావలెనా, టీ కావలెనా, పడవ యెక్కుదురా, చెట్టు క్రింద కూర్చుందురా అని అడిగి, జవాబు వచ్చువరకు ఆగుదురు. మన యిండ్లలో అట్టివానిని మేనల్లుడు కూడ "ఒరేయ్" అనును. "మీరు" అని పిలిచిన మొదటి దినమున ఆయన ముఖము చూడుడు.

ఈ ఏర్పాటున సగము ఫలము ఇంటివద్ద నున్నవారిది. ఇరువదియేండ్లుగా రాత్రి రెండుసార్లు లేచు తల్లి ఆ వారమున నిద్రించును. బంధువుల పెండ్లికి పోవును. అందుచేత దీనిని దానమనుట నాకిష్టము లేదు. ఖర్చులో కొంత కుటుంబమువారు రుసుముగా ఇత్తురు; మిగిలినది సంఘము భరించును. స్త్రీలు కుట్టిన బొంతలను వేలము వేసి మంచి పనులకు సొమ్ము కూర్చుట వారిలో వాడుక. మనలోను కుట్టు తెలిసిన చేతులకు కొదువ లేదు.

ప్రభుత్వ పాఠశాలలుండగా మన శిబిరమేల? 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. పాఠశాలలు, సాయములు కలవు. మనవారు వానిని పొందవలసినదే. కాని అక్కడి మాట రాష్ట్రభాష. చుఱుకైన బిడ్డ రెండు భాషలను నేర్చును. పది మాటలే వచ్చిన బిడ్డకు ఆ పదియు అమ్మ మాటలే: "బువ్వ", "జోజో", "బూచి". అవి తెలియనివారి నడుమ ఆ బిడ్డ మూగ. మన భాషను గూర్చి ఎన్నో సభలు జరిపితిమి. ఆ భాష లేనిదే దాహమని చెప్పుకొనలేనివారు మన వీధులలోనే యున్నారు. వారికి నేనిప్పుడు మాటాడుచున్న గ్రంథపు తెలుగు పనికిరాదు. నాలుగు తరములుగా ఇక్కడి మాటలు కలిసిన మన వంటయింటి తెలుగే కావలెను. అది వచ్చిన యువకులు, యువతులు ఇంటింట కలరు.

కీడు జరిగిన పూచీ యెవరిదని ఖజాంచిగారడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. తల్లిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతి, పిలిచిన వెంటనే వచ్చు వైద్యుడు, నిలిపియుంచిన వాహనము, రాత్రి మేలుకొని యుండువారు ఇద్దరు — ఈ నాలుగును కుదరనిదే శిబిరము తెరువరాదు. మొదటి యేడు పదిమందికి మించి చేర్చుకొనరాదు. పదిమందికి పదునాలుగుగురు తోడు కావలెను.

సభ ముగిసిన పిదప గుమాస్తా బల్లపై రెండు పుస్తకములుండును. ఒకటి తోడుండువారికి. రెండవది కుటుంబములకు, దానిలో అందరియెదుట వ్రాయనిష్టము లేనివారు మా యింటికి కబురు చేసిన, మా ఆవిడ వచ్చి వ్రాసికొనును. భవనము ముందు నాలుగు మెట్లున్నవి. వాని ప్రక్కన చక్రాల కుర్చీ పోవుటకు వాలుదారి కట్టవలెను. ఇటుక, సిమెంటు ఎవరిత్తురో ఈ రాత్రికే చెప్పినచో, వచ్చే సోమవారము మేస్త్రీని పిలిపింతును.