అత్తమ్మ మందుల సంచి

పొదుపు లెక్కలు ఇందాకే విన్నాం. నేను పెద్దవాళ్ల మందుల గురించి రెండు మాటలు చెప్తాను.

మా అత్తమ్మ బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేది. కొన్నాళ్లకు కాళ్లు వాచాయి. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పాత చీటీ పట్టుకెళ్లలేదు, తప్పు నాదే. ఆయన వాపుకు నీరు పోయే మాత్ర రాశారు. ఇక మాటిమాటికీ ఒంటికి లేచేది. ఒక రాత్రి కళ్లు తిరిగి పడిపోయింది. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చిన డైక్లోఫెనాక్ కూడా మింగేది. అది బీపీ పెంచుతుందని, కిడ్నీలకు చెరుపని మాకేం తెలుసు?

చివరికి మందులన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించాం. వాపు వచ్చిందే బీపీ మాత్ర వల్ల అన్నారు డాక్టరమ్మ. దాన్ని మార్చి, మిగతా రెండూ ఆపించారు. ఇప్పుడు అత్తమ్మ బాగానే తిరుగుతోంది.

అందుకే అక్కా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అన్ని మందులూ పట్టుకెళ్లండి. కొత్త బాధ వస్తే, “ఇది పాత మందు వల్లనా?” అని అడగండి. మనంతట మనం మాత్రం ఏదీ ఆపొద్దు. వచ్చే మీటింగుకు మీ ఇంటి పెద్దల మందుల పేర్లు కాగితం మీద రాసుకు రండి. రాయడం రానివాళ్లకు మేం రాసిస్తాం. అప్పు పుస్తకంలాగే దాన్నీ భద్రంగా దాచుకుందాం.